చెమట పట్టే గోడ

గోడకి చెమట పట్టలేదు.

మిట్టమధ్యాహ్నం, పల్నాటి ఎండ. నెత్తిన చున్నీ కప్పుకుని గోడ కింద నిలబడి పైకి చూస్తున్నాను. నాకు చెమటలు కారుతున్నాయి. నా పక్కన, ఆఫీసులో నాతో పనిచేసే ప్రభుదాసు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. పట్టాల్సిన గోడ మాత్రం పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా పొడిగా, హుందాగా నిలబడి ఉంది.

"ఏం నీరజ గారూ, మీ గోడ ఇయ్యాల కూడా నిద్ర లేవలా?" వెనక నుంచి డాక్టర్ నస్రీన్ గొంతు. ఈ ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు ఆవిడదే. "కరెంటు పొద్దున్నే పీకేశారు. లోపల చంటిపిల్లలు కందిపోయి ఏడుస్తన్నారు. తడిగుడ్డలు కడతన్నాం. గోడ ఉంటే ఏసీ అక్కర్లేదన్నారు గదా మీరు?"

అన్నాను. అన్నది నేనే.

ఆ గోడ సంగతి చెప్పాలి. ఆసుపత్రి పడమటి వైపు కింది నుంచి పైదాకా చేటంత చేటంత పలకలు పరిచి ఉంటాయి. ఒక్కో పలకలో రెండు వలల మధ్య మనిషి చర్మం పెరుగుతూ ఉంటుంది. మొత్తం చర్మం కాదు, చెమట పుట్టించే పొర ఒక్కటే. వెనక నుంచి సన్నటి గొట్టంలో ఉప్పునీళ్లు వస్తాయి, చర్మం వాటిని తాగి చెమట పోస్తుంది, వడగాలికి ఆ చెమట ఆరుతుంది, గోడ చల్లబడుతుంది. కుండలో నీళ్లు చల్లబడే కిటుకే. మావాళ్లు కుండకి ప్రాణం పోశారు, అంతే. మధ్యాహ్నాలు కరెంటు ఇవ్వలేమని ప్రభుత్వమే చేతులెత్తేసిన ఈ కాలంలో, ఒక్క యూనిట్ కాల్చకుండా గదిని చల్లబరిచే గోడ అంటే మాటలు కాదు.

ఆ చర్మం మా ఆయనది.

శేషు, అంటే ఆదిశేషు, ఈ చర్మాన్ని కనిపెట్టినవాడు. మొదటి ముక్క ఎవరి దగ్గర తీసుకోవాలని ల్యాబులో అందరూ మొహమొహాలు చూసుకుంటుంటే, తన మోచేతి కింద నుంచి బఠాణీ గింజంత తీయించుకుని, ఇంటికొచ్చి నాకు కట్టు చూపించి గొప్పలు పోయాడు. అతను పోయి రెండేళ్లయింది. గోడ లేచింది ఈ చలికాలంలో.

శేషు చర్మం పెంచాడు, నేను పలకలు గీశాను. గీయడమంటే ఒక్కొక్కటీ చేత్తో గీయడం కాదు. కంప్యూటరు నమూనాలో ఒక పలకకి నాలుగు మూలలు, ఒక సూత్రం ఇస్తాం. ఎండ ఇంత ఏటవాలుగా పడితే ఇంత వంగు, ఇన్ని నీళ్లు తాగు, అని. ఆ పలకనే గోడంతా పరుస్తాం. సూత్రంలో ఒక్క అంకె మారిస్తే గోడ మొత్తం గాలికి వరిచేను కదిలినట్టు కదులుతుంది. కట్టడం అయిపోయాక కూడా నమూనా పని అయిపోదు. ఏ పలకకి ఏ వేళ నీళ్లు వదలాలో రోజూ గోడకి చెప్పేది అదే.

నమూనా మధ్యాహ్నానికి నీళ్లు వదులుతోంది. గోడ ఆ నీళ్లని ముట్టుకోవడం లేదు. అందరూ ఇళ్లకి పోయాక సాయంత్రం తీరిగ్గా చెమట పోస్తోంది. చలికాలంలో ఎవరూ పట్టించుకోలేదు. ఎండలు ముదిరాక బండారం బయటపడింది.

తప్పు నా నమూనాలోనే ఉందనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు.

ఆఫీసులో నేనూ ప్రభుదాసూ మూడు వారాలు పలకల వెంట పడ్డాం. ముందు మూలలు చూశాం. మూలల వరస తప్పితే పలక తిరగబడి, లోపలి మొహం బయటికి వస్తుంది. కొత్తగా పనిలో చేరిన ప్రతివాడూ చేసే తప్పు అది. తిరగబడ్డ పలక ఒక్కటీ లేదు. తర్వాత సూర్యుణ్ణి చూశాం. ఊరు సరిగ్గానే ఉంది, తేదీ సరిగ్గానే ఉంది, సూర్యుడు ఉదయించాల్సిన చోటే ఉదయిస్తున్నాడు.

"మేడమ్, మన సూర్యుడు మంచోడే. నేల మీద బిల్డింగే తేడాగా ఉందేమో. ఒక్కసారి పోయి దిక్సూచి పెట్టి చూసొస్తా," అన్నాడు ప్రభుదాసు.

పోయాడు. అక్కడి నుంచే ఫోన్ చేశాడు. మేం గీసిన భవనం ఒక దిక్కుకి చూస్తుంటే, కట్టిన భవనం ఇంకో దిక్కుకి చూస్తోంది. మేస్త్రీకి ఫోన్ ఇవ్వమన్నాను.

"వాస్తు చూసే అయ్యగారు గుమ్మం తూరుపుకి నేరుగా లేదన్నాడమ్మా. వాస్తుకి ఒక్క రవ్వ తిప్పాం. ఒక్క రవ్వే," అన్నాడు మేస్త్రీ.

"తిప్పితే మాకు చెప్పాలా వద్దా?"

"చెప్తే మీరు ఒప్పుకోరు గదమ్మా."

ఫోన్ పెట్టేశాను. నమూనాలో ఉత్తరాన్ని ఆ ఒక్క రవ్వా తిప్పాం. తెర మీద పలకలన్నీ ఒక్కసారి వొళ్లు విరుచుకుని కొత్త సూర్యుడికి సర్దుకున్నాయి. ఆ వారంలోనే గోడ వేళకి వచ్చింది. ఎర్రటి ఎండలో పలక పలకకీ ముత్యాల్లా చెమట. డాక్టర్ నస్రీన్ వార్డులో నుంచి ఫోన్ చేసి పిల్లలు నిద్రపోతున్నారని చెప్పింది. ప్రభుదాసు ఆఫీసుకంతా మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. రెండు తిని, మూడోది శేషుకి ఇష్టం కదా అనుకుంటూ ఇంటికి కట్టించుకుని వచ్చాను. అలవాట్లు మనుషులు పోయినంత తొందరగా పోవు.

శేషుతో కాపురం ఎలాంటిదో చెప్తే నవ్వుతారు. నాకు తెల్లవారుజామునే మెలకువ వస్తుంది. అలారం ఎరగను. పుట్టినప్పటి నుంచీ ఇంతే. శేషు ఒంట్లో రోజు మాత్రం సూర్యుడి రోజుకంటే కాస్త పొడుగు. ఇవాళ లేచిన దానికంటే రేపు ఇంకాస్త ఆలస్యంగా లేస్తాడు, ఎల్లుండి ఇంకాస్త. అలా జరిగి జరిగి అతని పొద్దున మా మధ్యాహ్నానికి వస్తుంది, తర్వాత సాయంత్రానికి, తర్వాత అర్ధరాత్రికి. మేం పడుకోబోతుంటే అతను పళ్లు తోముకునేవాడు. డాక్టర్లు మందులిచ్చారు, దీపాల ముందు కూర్చోబెట్టారు. సూర్యుడు లోకానికంతా చెప్పే మాట అతని ఒంటికి వినపడేది కాదు.

"ఆలస్యం అమృతం విషం," అని నేను అరిచేదాన్ని.

"నిదానమే ప్రధానం," అని అతను దుప్పటిలో నుంచే అనేవాడు.

పెళ్లిళ్లకి మేం వెళ్లేసరికి విస్తళ్లు ఎత్తేసేవాళ్లు. మా అమ్మాయి మేదిని పుట్టినరోజు కేకు ఒక ఏడాది పొద్దున్న కోశాం, ఒక ఏడాది తెల్లవారుజామున. నేను ఎంత గింజుకున్నా అతను నా వేళకి రాలేదు. కానీ అలా తిరిగి తిరిగి, నెలకో నెలన్నరకో ఒకసారి అతని పొద్దునా మా పొద్దునా కలిసేవి. ఆ నాలుగు రోజులూ ఇంట్లో పండగే. "మావాడికి పుష్కరం వచ్చింది," అనేది మా అత్తగారు. పుష్కరంలో ముగ్గురం డాబా మీద సూర్యోదయం చూసేవాళ్లం. బండి మీద సాగర్ కట్టదాకా వెళ్లి చేపల వేపుడు తినేవాళ్లం. నాలుగు రోజులకి శేషు మళ్లీ జారిపోయేవాడు. ఎక్కడికీ పోకుండా, పక్క గదిలోనే ఉండి, మాకు దూరమైపోయేవాడు.

రెండేళ్ల కిందట ఒక పొద్దున అతను లేవలేదు. అతను ఆ వేళకి లేవని వారాలే అవి. తలుపు దగ్గరగా వేసి, చప్పుడు చేయకుండా ఆఫీసుకి వెళ్లాను. సాయంత్రందాకా ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడుకున్నారు, అతనికి నిద్రాభంగం అవుతుందని.

బజ్జీలు తిన్న ముచ్చట వారం కూడా నిలవలేదు. గోడ మళ్లీ ఆలస్యం మొదలుపెట్టింది. ప్రభుదాసు సూత్రం చివర ఒక అంకె కలిపి నీటి వేళని కాస్త ఆలస్యానికి జరిపాడు. రెండ్రోజులు నీళ్లూ చెమటా కలిశాయి, మళ్లీ తప్పాయి. మళ్లీ జరిపాడు. గోడ ఇంకా జారింది.

"ఎంత సర్దినా ఇంతే మేడమ్. నేను నీళ్ల వేళని జరపగలను గానీ ఎండ వేళని జరపలేను గదా. సందేళ ఎంత చెమట పోస్తే పిల్లలకేం లాభం?" అన్నాడు.

ఆ ఆదివారం మేదిని వచ్చింది. నరసరావుపేటలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అన్నం క్యారియరు పట్టుకుని నాతో పాటు ఆసుపత్రికి బయల్దేరింది. సాయంత్రందాకా గోడ కింద కూర్చున్నాం. ఎండ తగ్గింది, గాలి తిరిగింది, ఆసుపత్రి ముందు ఇడ్లీ బండి పెట్టారు. అప్పుడు పట్టింది చెమట, పైవరస నుంచి కిందికి. మేదిని చాలాసేపు చూసింది.

"పోయిన ఆదివారం ఎప్పుడు పట్టిందమ్మా?"

"మూడింటికి."

"అంతకు ముందు మధ్యాన్నానికి సరిగ్గా పట్టిందన్నావ్. ఆ బజ్జీలు తిన్నప్పుడు."

"అవును."

"ఇంక రాత్రికి పోయిద్ది. తర్వాత తెల్లారికి వచ్చిద్ది. మళ్లీ మధ్యాన్నానికి వచ్చిద్ది."

"నీకెట్టా తెలుసు?"

మేదిని నా వైపు చూడలేదు. "నాన్న అంతే గదమ్మా," అంది.

ఇంట్లో మనిషిని ఇంట్లోనే చూసుకుంటాం. గోడలో వెతుక్కోం. పాతికేళ్లు ఆ మనిషితో వేళల కోసం పోట్లాడినదాన్ని, నెలలుగా ఆ గోడ కింద నిలబడి నాకు తట్టలేదు. ఉత్తరం తిప్పిన వారం కూడా గోడ మా లెక్కకి రాలేదు, జారుతూ జారుతూ తనే అప్పటికి వచ్చింది. అక్కడే క్యారియరు పక్కన కూలబడ్డాను. నా మీద చినుకుల్లా పడుతున్నాయి, శేషు ఒంటి చెమట చుక్కలు. అతను పోలేదు. అతని రోజు ఇంకా నడుస్తోంది, అదే పొడుగుతో, ఎవరి మాటా వినకుండా. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మర్నాడు ల్యాబుకి వెళ్లాను. ఇప్పుడు ల్యాబు చూసుకునేది వకుళ, శేషు దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. చెప్పగానే ఆమెకి అర్థమైపోయింది.

"ప్రతి కణంలోనూ ఒక గడియారం ఉండిద్ది మేడమ్. మనిషి పోయినా, కణం బతికున్నంత కాలం అది తిరగతానే ఉండిద్ది. సార్ గడియారం సార్ లాంటిదే. చెమట వస్తదా రాదా అని చూశాం గానీ, ఎప్పుడొస్తదో అడగనేలేదు," అంది.

"బాగుచేయొచ్చా?"

"రెండు దారులు. చర్మం మొత్తం గీకేసి, వేరే మనిషిది పెంచాలి. అది ఎదిగేసరికి ఈ వేసవి పోయిద్ది. లేదా, గట్టి గడియారం ఉన్న చర్మాన్ని ఆ నీళ్లలోనే కలపాలి. కణాలు పక్కపక్కన పెరిగితే ఒకదాని వేళ ఒకటి వింటాయి. గట్టిది లాగిద్ది, మెత్తంది వచ్చేస్తది." చేతి తొడుగులు తీసింది. "అట్టా వచ్చేసినాక సార్ వేళ మళ్లీ రాదు మేడమ్."

ఒక్క పలక విడిగా ఉంచుకోలేమా అని అడిగాను. ఒంటరి పలక పట్టుమని పది రోజులు బతకదంది. గోడంత చర్మం ఉంటేనే ఆ చర్మానికి ఊపిరి. చలిపెట్టెలో దాచుకోవచ్చు గానీ చలిపెట్టెలో గడియారం నడవదు. నడవని శేషుని నేను చూసే ఉన్నాను. అది నాకొద్దు.

డాక్టర్ నస్రీన్‌కి కూడా నేనే చెప్పాను, ఆ చర్మం ఎవరిదో. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"మీ ఇష్టం అందామనే ఉంది నీరజ గారూ. కానీ అనలేను. నిన్న ఒక బిడ్డకి వడదెబ్బ తగిలింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. రాత్రంతా కూర్చుని బతికించాం."

"మీరు అనక్కర్లేదు," అన్నాను. నాకు తెలుసు. లోపల పిల్లలున్నారు. దాని ముందు ఇంకో మాట నిలవదు.

వకుళ మా ఇద్దరి చర్మమూ పరీక్ష చేసింది, నాదీ మేదినిదీ. శేషు చర్మంతో కన్నకూతురిది తొందరగా కలుస్తుందేమోనని ఆమె ఆశ, నాది గట్టి గడియారమని నా నమ్మకం. ఫలితం వచ్చిన రోజు ముగ్గురం ల్యాబులో తెర ముందు కూర్చున్నాం.

"మీ ఇద్దరిదీ అచ్చం ఒకటే గడియారం. ఇనప గడియారం. ఏదైనా పనికొస్తది," అంది వకుళ.

మేదిని మొహం మాడిపోయింది. "నాన్నది నాకేం రాలేదా?"

"ముక్కు వచ్చిందిగా," అన్నాను. అది నవ్వలేదు. అక్కడే, వకుళ ముందే, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. అందరూ తండ్రి పోలిక అనే పిల్ల, తనలో ఎక్కడో తండ్రి పొడుగాటి రోజు ఉందని ఇన్నాళ్లూ అనుకున్న పిల్ల. కాస్త తెరిపిన పడ్డాక చెయ్యి వెనక్కి దాచుకుంది.

"నేనివ్వను. నాన్నని లాగటానికి నా చెయ్యి ఇవ్వను."

"పిల్లలమ్మా అక్కడున్నది."

"తెలుసు. నేను కాదన్నానా? నువ్వియ్యి. ఎప్పుడూ లాగేదానివి నువ్వేగా."

కోపంతో అన్నా, అబద్ధం అనలేదు. నేను కుర్తా చెయ్యి పైకి మడిచాను.

నా చర్మం ఎదగడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాల్లో గోడ తన దారిన తను జరుగుతూ వెళ్లింది. రాత్రిలోకి వెళ్లింది, రాత్రి దాటింది. ఒకరోజు కాపలా అతను ఫోన్ చేసి, కోడి కూసే వేళకి గోడ తడిసిందమ్మా అని చెప్పాడు. మేదినికి చెప్పాను. మర్నాడు తెల్లారకముందే బస్సు దిగింది.

ఆ నాలుగు పొద్దులూ మేమిద్దరం గోడ కిందే ఉన్నాం. తూర్పున వెలుగు వస్తుండగా పలకలు తడిసేవి. మేదిని అరచేయి ఆనించి నిలబడేది. నేను వాసన చూశాను. ఏమీ లేదు. శేషు పక్కన కూర్చుంటే ముక్కు మూసుకోవాల్సి వచ్చేది, అంత చెమట వాసన. ల్యాబు శుభ్రం దాన్ని కడిగిపారేసింది. ఆ కంపు ఉంటే ఎంత బాగుండేదో. ఒక పొద్దున మేదిని తన పరీక్షల సంగతి, హాస్టల్లో కూర బాగోదన్న సంగతి, గోడకి చెప్పడం విన్నాను. వినపడనట్టు బయటికి నడిచి టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. తర్వాత నేనూ చెప్పుకోవాలనుకున్నాను గానీ, ఏం చెప్పాలో తోచలేదు. నువ్వు లేక ఇల్లు బావుండలేదు, అన్నాను. అంతే వచ్చింది.

తర్వాతి వారం వకుళ సీసాలు పట్టుకొచ్చింది. నీటి తొట్టె మూత నేనే తీశాను. నమూనాలో ప్రభుదాసు కలిపిన సర్దుబాట్లన్నీ తుడిచేసి సూత్రాన్ని మొదట రాసినట్టే ఉంచాం. గోడ అప్పటికి పొద్దెక్కే వేళకి వచ్చి ఉంది. రోజూ జరిగేంత జరగడం మానేసింది. ఇంకా కొంచెం జరిగింది, ఇంకా కొంచెం. మధ్యాహ్నం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. జారుతుందేమోనని మేం రోజూ చూశాం. జారలేదు.

"ఇంక దీన్ని ముట్టుకోవాల్సిన పన్లేదు మేడమ్," అన్నాడు ప్రభుదాసు. ఈసారి బజ్జీలు వద్దన్నాను. డాక్టర్ నస్రీన్ నన్ను వార్డులోకి తీసుకెళ్లి చూపించింది. బయట నిప్పులు కురుస్తుంటే లోపల మట్టికుండ పక్కన ఉన్నంత చల్లగా ఉంది. వరసగా తొట్లలో పిల్లలు, పిడికిళ్లు బిగించి నిద్రపోతున్నారు. వడదెబ్బ తిన్న బిడ్డని ఆవిడ నా చేతుల్లో పెట్టింది. ఆ బిడ్డ బరువు చేతికి తెలియనే లేదు. నేను చేసింది మంచిపనే. ఎన్నిసార్లు అడిగినా మళ్లీ ఇదే చేస్తాను.

పని లేకపోయినా ఇప్పటికీ మధ్యాహ్నాలు అక్కడికి వెళ్తాను. ఎందుకని ఎవరూ అడగరు. నిన్న కూడా వెళ్లాను. గోడ ఇంకా పొడిగానే ఉంది. నా ఒంటికే తెలుస్తోంది, ఇంకాసేపట్లో పడుతుందని. అది నా గడియారమే కదా. పెళ్లైన దగ్గర నుంచి నేను కోరుకున్నది ఇదొక్కటే, ఈ మనిషి నా వేళకి రావాలని. వచ్చాడు. రోజూ వస్తున్నాడు. ఇంత గెలిచినదాన్ని, అంత ఎండలో ఎవరూ లేకుండా చూసి, గోడకి నుదురు ఆనించాను.

"ఒక్కరోజు ఆలస్యంగా రా శేషూ," అన్నాను.

గోడ వేళకే తడిసింది.